తాడు అధ్యాయం దాటేయకండి

మా ఊరి లైబ్రరీలో ‘మోబీ డిక్’ నవల మీద ఎనిమిది వారాల సెమినార్‌కి వెళ్ళొచ్చానని పోయిన సంచికలో రెండు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి శీర్షికంతా ఆ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అక్కా, మా టౌన్ లైబ్రరీ వాళ్ళు కూడా వచ్చే నెల నుంచి ‘మోబీ డిక్’ సెమినార్ పెడుతున్నారు. పేరిచ్చేశాను గానీ పుస్తకం లావు చూశాక టెన్షన్ పట్టుకుంది. తిమింగలాల రకాలు, తాళ్ళు, నూనె కాచడం లాంటి అధ్యాయాలు వదిలేసి వేట ఉన్నవి చదివితే చాలని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమేనా? పైగా వచ్చేవాళ్ళంతా అమెరికన్లే. నా ఇంగ్లిష్ ఆఫీసు పని వరకే. అక్కడ నోరు విప్పగలనా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: చదవనివాళ్ళ కోసం ముందు కథ చెప్పేస్తాను. ఇష్మేల్ అనే కుర్రాడు నాన్‌టకెట్ దీవిలో పీక్వాడ్ అనే తిమింగలాల వేట ఓడ ఎక్కుతాడు. కెప్టెన్ ఏహాబ్‌కి ఒక కాలు లేదు. మోబీ డిక్ అనే తెల్ల తిమింగలం తీసేసింది. ఓడ యజమానులు పంపింది నూనె కోసం, ఆయన వెళ్ళింది పగ కోసం. చివరి మూడు రోజుల వేటలో పడవలు, ఓడ, మనుషులు అందరూ మునిగిపోతారు. ఇష్మేల్ ఒక్కడే మిగిలి మనకీ కథ చెబుతాడు. హెర్మన్ మెల్విల్ 1851లో ప్రచురించిన ఈ నవలలో 135 అధ్యాయాలు, చివర ఒక చిన్న ముగింపు మాట ఉన్నాయి.

మీ ఆఫీసాయన చెప్పినట్టు చదివితే కథ తెలుస్తుంది. నేనూ చాలా ఏళ్ళ క్రితం అలాగే చదివాను. చివరి అధ్యాయంలో ఏహాబ్ హార్పూన్ (తిమింగలానికి గుచ్చే, తాడు కట్టిన ఈటె) విసురుతాడు, దాని తాడు జరజరా పోతూ ఎక్కడో చిక్కుకుంటుంది, సరిచేద్దామని వంగుతాడు, తాడు మెడకు చుట్టుకుని ఆయన్ని పడవలోంచి ఎగరేసుకుపోతుంది. పక్కవాళ్ళకి తెలిసేలోపే మనిషి లేడు. ఆరు వందల పేజీలు మోసుకొచ్చిన మనిషి చావు ఇంత పొట్టి వాక్యమా అనిపించింది అప్పుడు. అది పొట్టిగా ఎందుకుందో ఈ సెమినార్లో, నాలుగో వారంలో తెలిసింది.

మా గదిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. నడిపినావిడ రిటైరైన హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్. ఆవిడ పెట్టిన రూలు ఒక్కటే: ప్రతివాళ్ళూ తమకు నచ్చిందో అర్థం కానిదో ఒక వాక్యం పేజీ నంబరుతో రాసుకుని రావాలి, ముందు దాన్ని బయటికి చదవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. ఆ మూల కుర్చీలో డెబ్భై దాటిన ఒక పెద్దాయన కూర్చునేవారు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు నుంచి స్కాలప్స్ అనే గుల్లచేపలు పట్టే పడవల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేశారట. మూడు వారాలు ఒక వాక్యం చదివి, ‘బాగుంది’ అని ఊరుకున్నారు. నాలుగో వారం, 60వ అధ్యాయం రోజున, కోటు జేబులోంచి మూరెడు తాడు ముక్క తీసి బల్ల మీద పెట్టారు.

ఆ అధ్యాయం పేరే ‘తాడు’. హార్పూన్‌కి కట్టే తాడు గురించి తప్ప అందులో ఏమీ ఉండదు. మందం అంగుళంలో మూడింట రెండు వంతులు. మూడు టన్నుల లాగుడికి ఆగుతుంది. పొడవు రెండు వందల బారల పైమాట, అంటే పన్నెండు వందల అడుగులకు ఎక్కువే. దాన్ని తొట్టిలో చుట్టలుగా చుట్టి పెడతారు. ఆ చుట్టడానికే కొందరు హార్పూన్ వేటగాళ్ళకి పొద్దున్నంతా సరిపోతుంది. ఎక్కడైనా ఒక్క మెలిక మిగిలిపోయిందా, తిమింగలం లాగినప్పుడు ఆ మెలికలో ఎవరి చెయ్యో కాలో పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. పైగా ఆ తాడు తొట్టిలోంచి పడవ వెనక్కి వెళ్ళి, అక్కడి గుంజకి చుట్టుకుని, మళ్ళీ పడవ పొడుగునా ముందుకు వస్తుంది. తెడ్డు వేసే ప్రతి ఒక్కరి పిడి మీదుగా, మణికట్టుకు తగులుతూ. అందరూ దాని మధ్యే కూర్చుని నవ్వుకుంటూ, జోకులు వేసుకుంటూ పడవ నడుపుతారు.

పెద్దాయన తాడు నా చేతికిచ్చి పురికి ఎదురు తిప్పమన్నారు. మూడు పేటల తాడు. రెండు మెలికలు తిప్పానో లేదో, మధ్యలో ఒక ముడి లాంటిది దానంతటదే లేచి నిలబడింది. గట్టిగా లాగి సరిచేయమన్నారు. లాగినకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. ‘పడవెక్కిన మొదటి రోజు నాకు నేర్పింది ఒకటే, తాడు చుట్ట మధ్యలో కాలు పెట్టకు అని. మెల్విల్‌కి తెలుసు’ అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే. మా టీచరమ్మ పుస్తకం వెనక్కి తిప్పి ఏహాబ్ చావు వాక్యం చదివింది. అప్పుడు అది పొట్టిగా అనిపించలేదు. ఆ తాడు ఎలా చుట్టారో, ఎంత వేగంగా పోతుందో మాకు ముందే తెలుసు కాబట్టి చెప్పాల్సింది అంతకంటే ఏమీ లేదు. 60వ అధ్యాయం దాటేసినవాళ్ళకి ఆ వాక్యం చేతికి అందదు.

అప్పటి నుంచి నేను నవలంతా తాడు పట్టుకునే చదివాను. పిప్ అనే నల్లజాతి పిల్లాడు ఆ తాడులోనే చిక్కుకుంటాడు. వాణ్ణి బతికించడానికి తాడు కోసేస్తే, అప్పటికే హార్పూన్ గుచ్చిన తిమింగలం చేజారిపోతుంది. వాడు రెండోసారి సముద్రంలోకి దూకితే ఎవరూ వెంటనే తీయరు. ఇంకోచోట, నారతాడు తప్ప నిన్నేదీ చంపలేదని ఏహాబ్‌కి ఒకడు జోస్యం చెబుతాడు. ఆయన అది ఉరితాడనుకుని, సముద్రం మీద నన్ను ఉరితీసేదెవరని నవ్వుతాడు.

ఇక మీ ఇంగ్లిష్ సంగతి. నేను ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యాను. మందుల పేర్లు, డోసులు, ఫోన్లో నర్సులతో మాటలు, నా ఇంగ్లిష్ కూడా అంతవరకే. ఐదో వారం దాకా వాక్యం చదవడం, కూర్చోవడం. ఐదో వారం 72వ అధ్యాయం వచ్చింది. చంపిన తిమింగలాన్ని ఓడ పక్కన కట్టి ఉంచారు. ఇష్మేల్ స్నేహితుడు, హార్పూన్ వేటగాడు క్వీక్వెగ్ దాని వీపు మీద, సగం నీళ్ళలో, జారుతూ పనిచేస్తుంటాడు. చుట్టూ షార్కులు. అతని నడుముకి కట్టిన తాడు రెండో కొస పైన డెక్ మీదున్న ఇష్మేల్ నడుముకి కట్టి ఉంటుంది. క్వీక్వెగ్ మునిగి పైకి రాకపోతే ఇష్మేల్ ఆ తాడు కోయకూడదు, తనూ పోవాలి. తాటిచెట్టు ఎక్కేవాళ్ళ మోకు గుర్తొచ్చింది నాకు. కాకపోతే మోకు మనిషిని చెట్టుకి కడుతుంది, ఇది మనిషిని మనిషికి కడుతోంది. అక్కడ నిలబడి ఇష్మేల్ ఆలోచిస్తాడు: బతికున్న ప్రతివాడి సంగతీ ఇంతే కదా, నీ బ్యాంకరు దివాలా తీస్తే నువ్వు పోతావు, మందుల షాపువాడు పొరపాటున మాత్రల్లో విషం పంపితే నువ్వు చస్తావు అని.

మందుల మాట చదివి నేను ఆగిపోయాను. తర్వాత తెలియకుండానే మాట్లాడేశాను. ఒక రాత్రి డ్యూటీలో ఒక ఆర్డరు వచ్చింది. పాయింట్ ఐదు అని రాశారు, పాయింటుకి ముందు సున్నా పెట్టలేదు. ఆ చుక్క సరిగా పడలేదు. కింద మందు తయారుచేసిన అమ్మాయి దాన్ని ఐదు అనుకుంది. పది రెట్లు ఎక్కువ. చివరి చెక్ నాది. కాగితం ఎత్తి దీపం దగ్గర చూస్తే చుక్క ఉన్నట్టుంది, లేనట్టుంది. పైకి ఫోన్ చేసి అడిగి మార్చాం. ఆ పేషెంట్ నన్ను చూడలేదు, నేనూ ఆయన్ని చూడలేదు. ‘ఆ రాత్రి ఆయన తాడు నా నడుముకే ఉంది’ అన్నాను. నా గ్రామర్ ఎలా ఉందో నాకు తెలియదు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పక్కావిడ అదే పేజీ కింద ఉన్న ఫుట్‌నోట్ చదివింది: ఇలా ఇద్దరినీ కలిపి కట్టడం మిగతా ఓడల్లో లేదు, పట్టుకున్నవాడు అజాగ్రత్తగా ఉండకుండా పీక్వాడ్‌లో స్టబ్ అనే ఆఫీసరు పెట్టిన పద్ధతి ఇది. మా ఫార్మసీలో ఇద్దరు చెక్ చేయాలన్న రూలు కూడా ఎవరో ఒకరు అలాంటి భయంతోనే పెట్టి ఉంటారు.

కాబట్టి మీరు ఏ పని చేస్తారో ఆ పనితోనే ఆ గదిలోకి వెళ్ళండి. మీ వాక్యం ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకోండి. ముందు మెల్విల్ మాటలు నోట్లోంచి వస్తాయి, మీ మాటలు వాటి వెనకే వస్తాయి. 32వ అధ్యాయం ఒక్కటి నన్ను కూడా విసిగించింది. తిమింగలాల్ని పుస్తకాల సైజుల్లాగా పెద్దవి, నడిమివి, చిన్నవి అని విడగొడతాడు. అక్కడ అలిసిపోతే మర్నాడు చదవండి. దాటేయకండి.

ప్రశ్న: అమ్మా, ఈ నవలలో ఆడవాళ్ళే లేరని విన్నాను. మగవాళ్ళ ఓడ కథ మనకెందుకు?
— పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఓడ మీద లేరు, నిజమే. ఒడ్డున సత్రం నడిపే హస్సీ గారి భార్య ఉంది. ఓడ యజమానుల్లో ఒకాయన చెల్లెలు, ఛారిటీ అత్త, ఉంది. ఓడ బయల్దేరే ముందు ఈవిడ పచ్చడి జాడీ ఒకసారి, నడుంనొప్పికి ఫ్లానెల్ గుడ్డ ఒకసారి, ఇలా ఏదో ఒకటి మోసుకొస్తూనే ఉంటుంది. ఆవిడ పంపిన అల్లం 72వ అధ్యాయంలో బయటపడుతుంది. సముద్రంలోంచి వణుకుతూ పైకొచ్చిన క్వీక్వెగ్‌కి ఓడలో వడ్డన చూసే స్టూవర్డు గోరువెచ్చటి అల్లం నీళ్ళు ఇస్తాడు. స్టబ్ మండిపడి, దాన్ని తీయించి సారా ఇప్పిస్తాడు. అత్తగారి అల్లమంతా సముద్రం పాలవుతుంది. చలికి వణికేవాడికి అల్లం నీళ్ళే కదమ్మా ఇవ్వాలి! ఈ మాట సెమినార్లో కూడా అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

కానీ నేను మీకు చూపించాలనుకున్నది 132వ అధ్యాయం. ఆఖరి వేటకు ముందు రోజు. ఏహాబ్ తన మొదటి ఆఫీసరు స్టార్‌బక్‌తో మనసు విప్పుతాడు. పద్దెనిమిదో ఏట మొదటి తిమింగలాన్ని కొట్టాడు, నలభై ఏళ్ళయింది, ఆ నలభైలో ఒడ్డున గడిపింది మూడేళ్ళు కూడా లేదు. యాభై దాటాక ఒక చిన్న పిల్లని పెళ్ళాడి మర్నాడే కేప్ హార్న్ వైపు ఓడెక్కాడు. పెళ్ళి దిండు మీద తన తల గుంట ఒక్కటే మిగిలిందంటాడు. ఆ పిల్లని పెళ్ళాడిన రోజే విధవని చేశానంటాడు. ఆ భార్యకి నవలలో పేరు కూడా లేదు. మా గదిలో ఆడవాళ్ళం తొమ్మిది మందిమి, ఆ దిండు దగ్గరే ఆగిపోయాం. మొగుణ్ణి ఆయిల్ రిగ్గుల మీదికి పంపి పిల్లల్ని పెంచుకున్నావిడ ఒకరు మాలో ఉన్నారు. ఆ రోజు గంటన్నరలో ముప్పావు గంట ఆవిడే మాట్లాడింది.

ప్రశ్న: కెప్టెన్ ఏహాబ్ నిజంగా ఉన్నాడా? ఇది జరిగిన కథేనా?
— పాఠకుడు, మిషిగన్

జవాబు: ఏహాబ్ కల్పితం. తిమింగలం ఓడని గుద్ది ముంచడం మాత్రం జరిగిందే. నాన్‌టకెట్ ఓడ ఎసెక్స్‌ని 1820 నవంబరు 20న పసిఫిక్‌లో స్పెర్మ్ వేల్ అనే జాతి తిమింగలం ఒకటి గుద్ది ముంచేసింది. బతికొచ్చిన మొదటి ఆఫీసరు ఓవెన్ చేస్ ఆ సంగతంతా పుస్తకంగా రాశాడు. మెల్విల్ 1841 జనవరిలో అకుష్నెట్ అనే వేట ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణంలో చేస్ కొడుకే ఎదురుపడి తండ్రి పుస్తకం చదవడానికిచ్చాడు. ఏ సముద్రంలో జరిగిందో ఆ సముద్రం మీదే కూర్చుని చదివాడన్నమాట. ఇంకో సంగతి. నాన్‌టకెట్ గురించి అంత వివరంగా రాసిన మనిషి ఆ దీవిలో మొదటిసారి కాలు పెట్టింది 1852లో, నవల వచ్చిన మరుసటి ఏడు. ఎసెక్స్ కెప్టెన్ పొలార్డ్ అప్పటికి అక్కడ రాత్రి కాపలాదారుగా ఉంటున్నారు. ఇద్దరూ కలిశారు.

ప్రశ్న: ఈ నవలలో మనవైపు మనుషుల్ని దయ్యాల్లా చూపించాడట. గొప్ప నవల అంటూ మనం నెత్తిన పెట్టుకోవాలా?
— పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: చూపించాడు. ఏహాబ్ దొంగచాటుగా ఓడలో దాచి తెచ్చుకున్న ఫెడల్లా పార్సీ. సొంత జుట్టునే జడగా అల్లి తలపాగాలా చుట్టుకున్న మనిషి. నేను పైన చెప్పిన జోస్యం అతనిదే. అతనికి ఇల్లు లేదు, గతం లేదు, ఆకలి నిద్ర ఉన్నట్టు కూడా రాయలేదు. ఏహాబ్ నీడలా నిలబెట్టి, చివరికి తిమింగలం వీపుకి తాళ్ళతో చుట్టుకుపోయిన శవంగా చూపించాడు. అతనితో వచ్చిన మనీలా (ఫిలిప్పీన్స్) తెడ్డువాళ్ళ గురించి రాసిన మాటలు ఇంకా ఘోరం. ఇవన్నీ నేను సెమినార్లో చదివి వినిపించాను. అప్పట్లో అందరూ అలాగే రాసేవారు కదా అని ఒకాయన సర్దిచెప్పబోయారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఇదే మెల్విల్ ఒళ్ళంతా పచ్చబొట్లున్న క్వీక్వెగ్‌ని మొదటి రాత్రి భయంతో చూపించి, మర్నాటికల్లా స్నేహితుణ్ణి చేశాడు. అలా చూడగల కన్ను ఉన్నవాడే ఫెడల్లాని చూడలేదు. నా ఫిర్యాదు అది, ఇప్పటికీ ఉంది.

అయినా చదవాలనే అంటాను. 40వ అధ్యాయంలో అర్ధరాత్రి నావికులందరూ తలా ఒక మాట అంటుంటే, తుఫాను వస్తోందని ఒక లస్కర్ (మనవైపు నుంచి వచ్చిన) నావికుడు బ్రహ్మ మీద ఒట్టేసి, గంగే గాలిగా మారిందంటాడు. 82వ అధ్యాయంలో తిమింగలాల వేటగాళ్ళ వంశం చెబుతూ విష్ణుమూర్తిని కూడా అందులో చేర్చేస్తాడు. వేదాలు సముద్రం అడుగున ఉంటే తిమింగలం రూపమెత్తి తెచ్చాడని! ఆ పేరా ఎవరికీ సరిగా అర్థం కాలేదు. నేను సోమకాసురుడు వేదాలు దొంగిలించిన దగ్గర్నుంచి మత్స్యావతారం కథంతా చెప్పాను. తాడు పెద్దాయన చాలా శ్రద్ధగా విని, ‘ఆ చేప ఎంత పొడవు?’ అని అడిగారు. మనువు దోసిట్లో పట్టిన చిన్న చేప కుండ దాటి, చెరువు దాటి, సముద్రమంత అయిందన్నాను. ఆ చేప కొమ్ముకే మనువు ఓడని పాముతాడుతో కట్టాడని చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

ప్రశ్న: న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఈ నవలని ఆగకుండా చదువుతారట కదా. మీరు వెళ్ళారా?
— పాఠకురాలు, కనెక్టికట్

జవాబు: వెళ్ళాను. ఏటా జనవరిలో అక్కడి వేలింగ్ మ్యూజియంలో జరుగుతుంది. మొదటి అధ్యాయం నుంచి ముగింపు దాకా సుమారు పాతికగంటలు, ఒకరి తర్వాత ఒకరు. ఎవరికైనా తలా కొన్ని నిమిషాలే. మధ్యలో, నవలలోని పాదిరి ఫాదర్ మ్యాపుల్ ప్రసంగం కోసం జనమంతా ఎదురుగా ఉన్న సీమెన్స్ బెథెల్ చర్చికి వెళతారు. సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన పాలరాతి ఫలకాలు అక్కడ గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. నవలలో ఉన్నట్టు ఓడ ముక్కు ఆకారంలో ఉన్న వేదిక కూడా ఉంది గానీ అది మెల్విల్ చూసింది కాదు. ఈ నవల మీద తీసిన సినిమా చూసి వచ్చినవాళ్ళు ‘ఏదీ, ఎక్కడ’ అని అడుగుతుంటే 1961లో కట్టించారు. ఆ ఊళ్ళో పోర్చుగీసు కుటుంబాలు ఎక్కువ కాబట్టి వాళ్ళ భాషలో కూడా ఒక చిన్న పఠనం ఉంటుంది.

దుప్పటి, మీ సొంత కాపీ పట్టుకెళ్ళండి. కాపీ ఎందుకంటే, చదివేవాళ్ళతోపాటు అందరూ తమ తమ పుస్తకాల్లో చూస్తూ ఉంటారు. మ్యూజియంలో లగోడా అని అసలు ఓడలో సగం సైజులో కట్టిన ఓడ ఉంది, నేను దాని పక్కనే చోటు చూసుకున్నాను. రాత్రి బాగా పొద్దుపోయాక 60వ అధ్యాయం వచ్చింది. పదహారేళ్ళుంటాయేమో, ఒక అమ్మాయి మైకు ముందుకొచ్చింది. ముందు గొంతు వణికింది, తాడు పడవ పొడుగునా తెడ్ల మీదుగా వచ్చే చోటికి సర్దుకుంది. సెమినార్ ఆఖరి రోజున పెద్దాయన నాకిచ్చేసిన ఆ మూరెడు ముక్క నా సంచీలో ఉంది. బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నేను తిప్పినచోట మెలిక ఇంకా అలాగే ఉంది.